శిక్షణ అయిపోయాక రెండో వారం

(కాకినాడలో వివిధ సంస్థల శిక్షణ విభాగాల ఉద్యోగుల సమావేశంలో ఒక సీనియర్ నర్సింగ్ శిక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో బ్యాంకు వాళ్లున్నారు, బస్సు డిపోల నుంచి వచ్చినవాళ్లున్నారు, ఎరువుల ఫ్యాక్టరీల వాళ్లున్నారు, నాలాగా ఆసుపత్రుల నుంచి వచ్చినవాళ్లూ కొందరున్నారు. నేను స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టాను. కొన్నాళ్లు వార్డు ఇన్‌చార్జిగా చేశాను. ఆ తర్వాత చాలా ఏళ్లుగా నర్సులకూ ఆయమ్మలకూ వార్డు బాయ్‌లకూ పని నేర్పడమే నా పని. అందుకని నా ఉదాహరణలు ఎక్కువగా వార్డులోంచే వస్తాయి. వాటిని మీ కౌంటర్‌కీ, మీ డిపోకీ, మీ ప్లాంటుకీ మీరే అన్వయించుకోవాలి.

శిక్షణ విభాగంలోకి వచ్చిన కొత్తలో నాకు అప్పగించిన మొదటి పని చేతుల శుభ్రత మీద కార్యక్రమం. అప్పుడు నేను పనిచేస్తున్న ఆసుపత్రిలో ఆపరేషన్ గాయాలకు చీము పట్టడం ఎక్కువైంది. నర్సులకు ట్రైనింగ్ ఇవ్వమని పైనుంచి చెప్పారు. చాలా శ్రద్ధగా తయారయ్యాను. డెబ్బై స్లైడ్లు చేశాను. రోగిని ముట్టుకునే ముందు, సిరలో కాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్నని గొట్టం, పెట్టడం లాంటి పని చేసే ముందు, రక్తమో మరొకటో చేతికి తగిలే పని చేశాక, రోగిని ముట్టుకున్నాక, రోగి మంచాన్నో సామాన్లనో ముట్టుకున్నాక... ఇలా ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాలనూ బొమ్మలతో చూపించాను. చివర్లో అభిప్రాయ పత్రాలు పంచాను. దాదాపు అందరూ అయిదుకు అయిదు వేశారు. ‘మేడమ్ చాలా బాగా చెప్పారు’ అని ఒకమ్మాయి రాసింది. ఆ కాగితాలు ఫైల్లో పెట్టి, రిపోర్టు రాసి, పని పూర్తయిందనుకున్నాను.

రెండో వారంలో వేరే పని మీద సర్జికల్ వార్డుకు వెళ్లాను. గంటసేపు అక్కడే ఉండాల్సి వచ్చింది. నన్ను మెచ్చుకుంటూ రాసిన ఆ అమ్మాయే డ్యూటీలో ఉంది. ఒక మంచం దగ్గర డ్రెస్సింగ్ చూసింది, పక్క మంచం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చింది, ఆ పక్కన సెలైన్ మార్చింది. మధ్యలో ఒక్కసారి కూడా చేతులు కడుక్కోలేదు. నాకు బాధతో పాటు కోపం కూడా వచ్చింది. పక్కకు పిలిచి అడిగాను. తను భయపడకుండా చెప్పింది: “మేడమ్, సింకు ఆ చివర ఉంది. నా కింద ఇరవై రెండు మంది పేషెంట్లున్నారు. ప్రతిసారీ అక్కడిదాకా వెళ్లివస్తే పది గంటల ఇంజెక్షన్లు పన్నెండుకు అవుతాయి. నిన్నటి నుంచి సబ్బు లేదు. శానిటైజర్ కావాలని స్టోర్‌కు ఇండెంట్ రాసి పెడితే వారానికి రెండు సీసాలిస్తారు, అవి పోతే లెక్క చెప్పాలని ఇన్‌చార్జి సిస్టర్ బీరువాలో పెట్టి తాళం వేస్తారు.” అయిదు సందర్భాలు చెప్పమంటే గడగడా అప్పజెప్పింది.

ఆ పిల్లకు నేను చెప్పినవన్నీ ముందే తెలుసు. ఆమె దగ్గర లేనిది మంచం పక్కన ఒక సీసా. దాని కోసం డెబ్బై స్లైడ్లు చేసి, నలభై మంది నర్సుల్ని డ్యూటీలోంచి తప్పించి, ఒక పూటంతా కూర్చోబెట్టాను. ఆ పూట వాళ్ల పేషెంట్లను మిగిలినవాళ్లు రెట్టింపు టెన్షన్‌తో చూసుకున్నారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మీ ముందుకు రావడానికి అసలు కారణం కూడా ఇదే. శిక్షణ ఎలా ఉండాలో పని జరిగే చోట నిలబడి నిర్ణయించాలి. ఫలించిందో లేదో చూడాల్సింది కూడా అక్కడే, కొన్ని వారాలు గడిచాక.

ట్రైనింగ్ పెట్టమని ఎవరైనా అడిగినప్పుడు నేను ముందు అడిగే మాట ఒకటే. ‘తప్పనిసరై చెయ్యాల్సి వస్తే వీళ్లు ఆ పని చెయ్యగలరా?’ చెయ్యగలరంటే వాళ్లకు లేనిది నైపుణ్యం కాదు. సామాను లేకపోవచ్చు, సమయం లేకపోవచ్చు, చేసినా చెయ్యకపోయినా అడిగేవాళ్లు లేకపోవచ్చు. ఒక్కోసారి సరిగ్గా చేసినవాళ్లకే చీవాట్లు పడుతూ ఉండవచ్చు. బ్యాంకులో క్లర్కు ఫారాలు పూర్తిగా సరిచూసి పంపితే క్యూ పెరిగిందని మేనేజరు కోప్పడ్డాడనుకోండి, సరిచూడడం మీద మీరెన్ని క్లాసులు పెట్టినా ఆ క్లర్కు సరిచూడడు. చెయ్యలేరు అని తేలితేనే మన పని మొదలవుతుంది.

అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి కథ నాకు చాలా ఇష్టం. అక్కడ పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టర్ 2001లో ఐసీయూలో పెద్ద సిరల్లో పెట్టే గొట్టాల, అంటే కాథెటర్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ల మీద పని మొదలుపెట్టారు. చెయ్యాల్సినవి అయిదే పనులు. చేతులు కడుక్కోవడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో తుడవడం, కాథెటర్ పెట్టేటప్పుడు రోగి ఒంటి మీద పూర్తిగా స్టెరైల్ గుడ్డ కప్పడం, వీలైతే తొడ దగ్గర పెట్టకపోవడం, అవసరం తీరిన కాథెటర్‌ను వెంటనే తీసెయ్యడం. డాక్టర్లకు ఇవన్నీ తెలిసినవే. అయినా జరగడం లేదు. ఎందుకని చూస్తే, కావలసిన సామాన్లు తలా ఒక చోట ఉన్నాయి. అన్నీ ఒకే ట్రాలీలో సర్ది పెట్టారు. డాక్టరు ఒక మెట్టు వదిలేస్తే ఆపమని చెప్పే అధికారం నర్సుకిచ్చారు, ఆ నర్సుకు పైవాళ్లు అండగా నిలబడ్డారు. తర్వాత మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో ఇదే పద్ధతి పెట్టారు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం, 1000 కాథెటర్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు కాథెటర్ ఉంటే అది ఒక కాథెటర్ రోజు) 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు, అంటే ఐసీయూలను వరసగా పేరిస్తే మధ్యలో వచ్చే రేటు, మూడు నెలల్లో సున్నాకు వచ్చింది. అందులో శిక్షణ ఉంది, కాదనను. కానీ ఆ ట్రాలీనీ, నర్సుకిచ్చిన ఆ అధికారాన్నీ తీసేసి శిక్షణ ఒక్కటే ఇచ్చి ఉంటే ఇలా జరిగేదని నేను నమ్మను.

సరే, శిక్షణ నిజంగానే అవసరమని తేలింది. అప్పుడు ఏం చెయ్యాలి? మన సర్క్యులర్లలో ఎక్కువసార్లు కనిపించే మాట ‘అవగాహన కల్పించడం’. దయచేసి ఆ మాట రాయకండి. అవగాహన కలిగిందో లేదో ఎవరూ చూడలేరు. చేతులు చేసే పని చూడగలం. ‘వ్యర్థాల నిర్వహణపై అవగాహన’ అని రాసే బదులు ‘శిక్షణ అయిన రెండో వారంలో, ఎవరూ చెప్పకుండానే, ఆయమ్మ వాడేసిన సూదిని తెల్ల డబ్బాలో, సెలైన్ ట్యూబును ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూదిని పసుపు సంచిలో, గాజు సీసాను నీలం డబ్బాలో వేస్తుంది’ అని రాయండి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనల్లో ఉన్న రంగులే ఇవి. ఇలా రాసిన వెంటనే మూడు సంగతులు తేలిపోతాయి. ఏం నేర్పాలో తెలుస్తుంది, ఏం నేర్పనక్కర్లేదో తెలుస్తుంది, తర్వాత ఏం చూడాలో కూడా తెలుస్తుంది. ఆ నిబంధన ఏ సంవత్సరంలో వచ్చిందో ఆయమ్మకు అక్కర్లేదు. నేను ఒకప్పుడు అదే మొదటి స్లైడులో పెట్టేదాన్ని, అదీ ఇంగ్లీషులో.

ఇప్పుడు ఆ క్లాసులో స్లైడ్లు లేవు. నాలుగు రంగుల సంచులు, డబ్బాలు పెడతాం. వాడని సిరంజిలు, ట్యూబులు, గ్లవ్స్, ఖాళీ వయల్స్, ఎర్ర రంగు పూసిన దూది కలిపి ఒక గంపలో పోస్తాం. ఒక్కొక్కరూ వచ్చి ఏరి వెయ్యాలి, ఎందుకు అందులో వేశారో నోటితో చెప్పాలి. తప్పు వేస్తే పక్కనున్న ఆయమ్మే సరిచేస్తుంది. గంటన్నరలో అయిపోతుంది. చదువు రాదని క్లాసుకే రావడానికి సిగ్గుపడిన ఒకావిడ మూడోసారి తన వంతు వచ్చేసరికి అందరికంటే వేగంగా ఏరింది. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది.

పనిని విడగొట్టి నేర్పే పద్ధతి ఒకటుంది. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1940లో, రెండో ప్రపంచ యుద్ధ సమయంలో, అమెరికా ప్రభుత్వం పరిశ్రమల కోసం ఒక శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలకు అనుభవం లేనివాళ్లు వేల సంఖ్యలో వచ్చి చేరుతున్నారు. వాళ్లకు నేర్పాల్సింది సూపర్వైజర్లు. ఆ సూపర్వైజర్లకేమో పని వచ్చు, నేర్పడం రాదు. అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓడల తయారీ కార్మికులకు శిక్షణ ఇచ్చిన చార్లెస్ ఆలెన్ నాలుగు మెట్ల పద్ధతిని తీసుకుని వీళ్లకు తగ్గట్టు మలిచారు. మొదట మనిషిని సిద్ధం చెయ్యాలి. భయం పోగొట్టి, ఎంతవరకు తెలుసో కనుక్కోవాలి. తర్వాత పని చేసి చూపించాలి, ఒక్కో అడుగూ, అందులో కీలకం ఏమిటో చెబుతూ. మూడోది, అతని చేత చేయించాలి, చేస్తూ చెప్పించాలి. నాలుగోది, సొంతంగా చెయ్యనిచ్చి, మధ్యమధ్యలో వెళ్లి చూస్తూ, క్రమంగా చూడడం తగ్గించాలి. సూపర్వైజర్లకు దీన్ని రెండేసి గంటల చొప్పున అయిదు సార్లుగా నేర్పారు. యుద్ధం తర్వాత ఇది జపాన్ వెళ్లి టయోటా లాంటి కంపెనీల్లో పాతుకుపోయింది. నేర్చుకునేవాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదన్నమాట అని వాళ్ల సూత్రం. నా బల్ల మీద ఆ వాక్యం రాసి పెట్టుకున్నాను.

ఇందులో రెండో మెట్టులో చెప్పిన ‘కీలకం’ పుస్తకాల్లో దొరకదు. కాన్యులా పెట్టడమే తీసుకోండి. చేతికి టోర్నికే పట్టీ బిగించి కట్టి, సిర వెతికి, స్పిరిట్‌తో తుడిచి, సూది గుచ్చాలని ఏ పుస్తకమైనా చెబుతుంది. మా దగ్గర పిల్లల వార్డులో ఒక సీనియర్ సిస్టర్ ఉండేవారు. ఎవరికీ దొరకని సిర ఆవిడకు దొరికేది. రెండు రోజులు ఆవిడ వెనకే నిలబడి చూశాను. ఆవిడ ఎడమ బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి బిగించి పట్టుకుంటారు. దాంతో సిర జారిపోదు. స్పిరిట్ పూర్తిగా ఆరేదాకా ఆగుతారు. ఆ తర్వాత ఆ చోటును వేలితో మళ్లీ ముట్టుకోరు. సూదిలో రక్తం కనిపించగానే కోణం తగ్గించి, ఇంకొంచెం లోపలికి పోనిచ్చి, అప్పుడు ప్లాస్టిక్ గొట్టాన్ని ముందుకు జరుపుతారు. కొత్త నర్సులు తడబడేది సరిగ్గా ఆ చివరి చోటే. రక్తం కనిపించగానే లోపలికి వెళ్లిందనుకుని సూది లాగేస్తారు. ఇవన్నీ ఎలా నేర్చుకున్నారని అడిగితే ‘ఏముందమ్మా, చేస్తుంటే వచ్చింది’ అన్నారావిడ. మన సంస్థల్లో ఇలాంటివాళ్లు ప్రతి సెక్షన్లో ఒకరుంటారు. రిటైరయ్యే రోజున శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి పంపిస్తాం, వాళ్ల చేతుల్లో ఉన్నది రాసిపెట్టుకోకుండానే. క్లాసు తయారు చెయ్యడానికి ముందు రెండు రోజులు వాళ్ల వెనక నిలబడండి. ఏ కన్సల్టెంటూ ఇవ్వలేనిది అక్కడ దొరుకుతుంది.

మరిచిపోవడం గురించి కొంచెం చెబుతాను. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులు కంఠస్థం చేసి, తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. ఒకసారి నేర్చుకున్నదాన్ని మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ ఆదా అవుతుందని కొలిచారు. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయితే, ఒక రోజుకు అది 34 శాతానికి పడిపోయింది, నెలకు 21 శాతానికి. మన ఉద్యోగులు నేర్చుకునేవి అర్థం లేని అక్షరాలు కావు కాబట్టి ఈ అంకెలు అలాగే వర్తించవు. కానీ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందన్నది అందరి అనుభవమే. దీనికి మందు మళ్లీ క్లాసు పెట్టడం కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని మళ్లీ చదివారు, కొందరు చదవకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే క్లాసు అయిన వెంటనే పెట్టే పరీక్షను నేను పెద్దగా నమ్మను. మూడో రోజున, పదో రోజున, డ్యూటీ మారేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగితే చాలు. అది పరీక్షా అవుతుంది, పాఠమూ అవుతుంది.

ఇక మూల్యాంకనం. డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు 1959-60లో రాసిన వ్యాసాల్లో నాలుగు అంశాలు చూడమన్నారు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పని తీరు మారిందా, సంస్థకు ఫలితం దక్కిందా. మీరంతా చదివే ఉంటారు కాబట్టి వివరించను. నా బాధల్లా ఒకటే. మనం నచ్చిందా అని అడిగి ఆగిపోతాం. మహా అయితే రెండోదాకా వెళతాం. నచ్చడానికీ పని మారడానికీ సంబంధం చాలా పలచన. ఆ సర్జికల్ వార్డు అమ్మాయికి నా క్లాసు నిజంగానే నచ్చింది. తను అబద్ధం రాయలేదు.

మూడోది, అంటే పని తీరు చూడాలంటే వార్డులో నిలబడాలి. కానీ మనం నిలబడితే అందరూ చేతులు కడుక్కుంటారు. అందుకని రెండు రకాలుగా చూస్తాం. ఒకటి, వేరే వేరే వేళల్లో, ముఖ్యంగా నైట్ డ్యూటీలో, తక్కువ సేపు చూడడం. రెండోది, వార్డులో శానిటైజర్ ఎంత ఖర్చయిందో చూడడం. రోగుల సంఖ్యకు తగ్గట్టు లెక్కవేస్తే, నెల నెలా అది ఎటు పోతోందో తెలుస్తుంది. సీసాకు మొహమాటం ఉండదు. మీ దగ్గర కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఇప్పటికే రికార్డుల్లో ఉంటుంది. తిరిగొచ్చిన ఫారాలు, లీటరుకు వచ్చిన కిలోమీటర్లు, స్క్రాప్ తూకం. కొత్త ఫారం పుట్టించే ముందు పాత రిజిస్టర్లు తిరగేయండి. ఒక్కటి మాత్రం తప్పనిసరి. శిక్షణకు ముందు నెలల లెక్క తీసి పెట్టుకోండి. ఆ తర్వాత ఎంత వెతికినా ‘ముందు’ దొరకదు.

ఇక్కడ ఒక పొరపాటు దాగి ఉంది, డిపోల నుంచి వచ్చినవాళ్లు జాగ్రత్తగా వినండి. ఒక నెలలో మైలేజీ బాగా తక్కువ వచ్చిన ఇరవై మంది డ్రైవర్లను పిలిచి శిక్షణ ఇచ్చారనుకుందాం. పై నెలలో వాళ్ల మైలేజీ పెరిగింది. శిక్షణ వల్లే పెరిగిందంటామా? అలా అనలేం. ఆ నెల వాళ్లలో కొందరికి పాత బండి పడి ఉంటుంది, కొందరు రోడ్డు పనులు జరుగుతున్న రూటులో తిరిగి ఉంటారు, ఇంకెవరికో ఒంట్లో బాగుండి ఉండదు. అన్నీ కలిసొచ్చి అట్టడుగుకు వెళ్లినవాళ్లు, ఏమీ చెయ్యకపోయినా పై నెలలో కొంత పైకి వస్తారు. అలాగే ఆ నెల మొదటి స్థానంలో ఉన్నవాళ్లు కొంత కిందికి దిగుతారు. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇజ్రాయెల్ వైమానిక దళం శిక్షకుల దగ్గర ఇదే గమనించారు. బాగా నడిపినవాణ్ని మెచ్చుకుంటే తర్వాతిసారి చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ని తిడితే బాగుపడుతున్నాడు, కాబట్టి తిట్టడమే మంచిదని ఆ శిక్షకులు నిజాయితీగా నమ్మారు. అక్కడ తిట్టు చేసిందేమీ లేదు. ఈ సంగతి తెలియక మన సంస్థల్లో ఎంతమంది ఊరికే తిట్లు తిన్నారో, ఎన్ని పనికిరాని కార్యక్రమాలు ఏళ్ల తరబడి సాగాయో అనిపిస్తుంది నాకు.

దీనికి విరుగుడు పోల్చి చూడడం. ఈ మాట కాకినాడలో చెప్పే అవకాశం వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. శిక్షణ ఫలితాన్ని పోల్చి చూసిన గొప్ప ప్రయత్నాల్లో ఒకటి ఈ ఊళ్లోనే జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఈ ఊరి వ్యాపారులను యాభై మందికి పైగా ఎంచుకున్నారు. హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉండేది, ఇప్పటికీ యూసుఫ్‌గూడలో వేరే పేరుతో ఉంది. వాళ్లను బ్యాచులుగా అక్కడికి తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. సాధించాలనే తపన పుట్టుకతో వచ్చేదా, నేర్పగలిగేదా అన్నది ఆయన ప్రశ్న. పోల్చడానికి ఎంచుకున్న ఊరు రాజమండ్రి. అక్కడి వ్యాపారులకు శిక్షణ ఇవ్వలేదు, కానీ వాళ్ల వివరాలూ సేకరించారు. తమిళనాడులోని వేలూరు నుంచి కూడా కొందరికి శిక్షణ ఇచ్చారు.

ఆ శిక్షణలో ఒక ఆట ఉండేది. నేలలో పాతిన మేకు చుట్టూ పడేలా రింగు విసరాలి, ఎంత దూరం నుంచి విసరాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడినా, అందనంత దూరం నిలబడినా మనిషి తన గురించి ఏదో చెబుతున్నట్టే. కష్టమే గానీ సాధ్యమయ్యే దూరాన్ని ఎంచుకోవడం అక్కడ పాఠం. కానీ మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ ఆ ఆటలో ఎవరు బాగా ఆడారన్నది చూసి ఊరుకోలేదు. ‘మీకు నచ్చిందా’ అని అడిగి కూడా ఊరుకోలేదు. రెండేళ్ల తర్వాత ఆ వ్యాపారులు ఏం చేశారో చూశారు. కొత్త వ్యాపారం మొదలుపెట్టారా, పెట్టుబడి పెంచారా, ఎంతమందికి పని ఇచ్చారు, రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తున్నారు. శిక్షణకు ముందు రెండేళ్లలో రెండు వర్గాలూ ఇంచుమించు సమానమే. చురుగ్గా ఉన్నవాళ్లు రెండింట్లోనూ అయిదో వంతు దాకా ఉన్నారు. తర్వాతి రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది చురుగ్గా కనిపించారు. పొందనివాళ్లలో అది పావు వంతు దగ్గరే ఉండిపోయింది. రాజమండ్రి లెక్క లేకపోతే ఈ మార్పు కాలం తెచ్చిందో శిక్షణ తెచ్చిందో ఎవరు చెప్పగలిగేవారు? అరవై ఏళ్ల క్రితం, ఊరూరా కంప్యూటర్లు లేని రోజుల్లో, మన గోదావరి ఊళ్లలో తిరిగి ఇంత ఓపికగా లెక్క తీశారంటే నాకు దండం పెట్టాలనిపిస్తుంది.

మీకు రాజమండ్రి అంత ఊరు అక్కర్లేదు. మనం అందరికీ ఒకేసారి శిక్షణ ఇవ్వలేం, ఎలాగూ బ్యాచులుగానే ఇస్తాం. ముందు ఏ బ్యాచ్, తర్వాత ఏ బ్యాచ్ అన్నది పైవాళ్ల ఇష్టానికి వదలకుండా చీటీలు వేసి తేల్చండి. మొదటి బ్యాచ్ శిక్షణ అయ్యాక, రెండో బ్యాచ్ ఇంకా రాకముందు, ఇద్దరి పనీ పోల్చండి. ఎవరికీ అన్యాయం జరగదు, పైసా ఖర్చు లేదు. పెట్టిన రూపాయికి ఎన్ని రూపాయలొచ్చాయని లెక్క చూపించమని కొందరు అధికారులు అడుగుతారు. చిన్న కార్యక్రమాలకు ఆ లెక్క వెయ్యడం నాకిష్టం లేదు, ఊహలతో నిండిపోతుంది. గాయాలకు చీము పట్టడం తగ్గిందా లేదా చూపిస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన మనిషి గురించి ఇంకా చెప్పలేదు. 1988లో బాల్డ్విన్, ఫోర్డ్ అనే పరిశోధకులు, నేర్చుకున్నది పనిలోకి రావాలంటే మూడు కావాలన్నారు. నేర్చుకునే మనిషి, శిక్షణ తీరు, పనిచేసే చోటు. నా అనుభవంలో ఆ పనిచేసే చోటు అంటే ఇన్‌చార్జి సిస్టరే. కొత్త పద్ధతి నేర్చుకుని వార్డుకు వెళ్లిన పిల్లను ‘అవన్నీ క్లాసులో బాగుంటాయి, ఇక్కడ ముందు పని కానివ్వు’ అని ఆవిడ ఒక్క మాటంటే, అక్కడితో నా శిక్షణ అయిపోయినట్టే. అదే ‘నేర్చుకున్నావటగా, నాకూ చూపించు’ అంటే ఆ పిల్ల జీవితాంతం మరిచిపోదు. అందుకని ఇప్పుడు నర్సుల క్లాసుకు ముందు ఇన్‌చార్జిలతో కూర్చుంటాను. వాళ్లకు పాఠం చెప్పను. మీ వార్డులో ఏం మారాలనుకుంటున్నారని అడిగి, వాళ్లు చెప్పిన దాంతోనే క్లాసు కడతాను. మంచం మంచానికీ శానిటైజర్ తగిలించమని స్టోర్‌తో పోరాడింది కూడా నేను కాదు, ఒక ఇన్‌చార్జి సిస్టరే. ఆ వార్డులో ఇప్పుడు బీరువాకు తాళం లేదు.

ఆ చివర ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా... సరే, అందరికీ వినబడేలా నేను చెబుతాను. “మాది ముప్పై పడకల ఆసుపత్రి, శిక్షణ విభాగమంటూ లేదు, నేనే సూపరింటెండెంటును, నేనే అన్నీ. నేనెక్కడ మొదలుపెట్టాలి” అని అడుగుతున్నారు.

మీకు విభాగం అక్కర్లేదమ్మా, హ్యాండోవర్ చాలు. పొద్దున డ్యూటీ మారేటప్పుడు పాత వాళ్లూ కొత్త వాళ్లూ ఒకేచోట నిలబడతారు కదా. ఆ పది నిమిషాల్లో ఒక్క పని, ఒక్క మెట్టు చేయించండి. సోమవారం కాన్యులా కట్టు మీద తేదీ, టైము రాయడం అనుకోండి. మీరు చెప్పొద్దు, ఆ పని బాగా చేసే సిస్టర్ చేత చేయించండి. గురువారం ఏ మంచం దగ్గరైనా ఆగి, కట్టు మీద తేదీ ఉందో లేదో చూడండి. ఎన్ని ఉన్నాయో ఎన్ని లేవో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మొదలుపెట్టకముందు వారం లెక్క కూడా అందులోనే ఉండాలి. రేపు ఉదయం ఏడున్నరకు నేను ఈ ఊళ్లోనే ఒక ఆసుపత్రిలో హ్యాండోవర్ దగ్గర ఉంటాను. మీరు రాగలిగితే నాతో పాటు వచ్చి నిలబడండి, బయటికొచ్చాక మీ వార్డు గురించి మాట్లాడుకుందాం.